వంటింట్లో పెట్టిన కంప్యూటర్

పోయిన నెల అక్క కళ్ళ పరీక్షకని గుంటూరు వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. తిరిగి వెళ్ళే ముందు రోజు, నాకో కంప్యూటర్ కొనాల్సి ఉండి ఇద్దరం బ్రాడీపేటలో ఒక షాపుకి వెళ్ళాం. రాసుకోవటానికీ, పాత ఫొటోలు దాచుకోవటానికీ తప్ప దానితో నాకు పెద్ద పనేం లేదు. షాపాయన మాత్రం వదల్లేదు. ఒకవైపు అద్దం బిగించిన డబ్బా చూపించాడు. లోపల రంగురంగుల లైట్లు తిరుగుతున్నాయి. "మీరేం చెయ్యక్కర్లేదండి. పని ఎక్కువైతే స్పీడు అదే పెంచుకుంటుంది, వేడెక్కితే అదే తగ్గించుకుంటుంది" అన్నాడు. అక్క కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "మరి వోల్టేజి?" అని అడిగింది. "అది కూడా అదే చూసుకుంటుంది మేడం" అన్నాడాయన. అక్క తలూపింది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాక, "అన్నీ అదే చూసుకుంటే ఇంక మనమెందుకే" అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఇంటికి చేరిందాకా అద్దంకిలో మేమున్న ఇల్లు, ఆ ఇంటి వంటగదిలో బియ్యం డ్రమ్ము పక్కన పక్కరేకు ఊడదీసి పెట్టిన ఒక పాత కంప్యూటర్, దాని ముందు పీట వేసుకుని కూర్చున్న అక్క, అన్నీ కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి.

మాది అద్దంకిలో చర్చి వెనక సందులో అద్దె ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటగది, రెంటికీ మధ్య తలుపు లేదు, పరదా ఒకటే. నాన్న ఊళ్ళో ఎయిడెడ్ బడిలో తెలుగు మాస్టారు. అందరూ ఇస్సాకు మాస్టారు అనేవాళ్ళు. బడి ఆయనకు ఉద్యోగం. చర్చిలో పాట ఎత్తుకోవటం ఆయన అసలు పని. ఆదివారం ఆరాధనలో ఏ పాట పాడాలో, ఏ శ్రుతిలో పాడాలో, ఏ చరణం వదిలెయ్యాలో ఆయన చెప్పాల్సిందే. రోజూ తెల్లవారుజామున లేచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. తర్వాత వాకిలి తనే ఊడ్చేవాడు, ఊడుస్తూ కూనిరాగం తీసేవాడు. అమ్మ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగే ఏఎన్నెమ్. తెల్లచీర కట్టుకుని, టీకాల పెట్టె భుజాన వేసుకుని మొదటి బస్సుకి వెళ్ళిపోయేది. మాఘమాసం దాటిందంటే చుట్టూ పొలాల్లో మిరపకోతలు మొదలయ్యేవి. ఊరి బయట కల్లాల్లో ఎండబోసిన కాయల ఘాటు గాలి తిరిగినప్పుడల్లా మా ముందుగదిలోకొచ్చి కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మేవాళ్ళు. మాకు అలవాటే.

అక్క పేరు రూతు. నాకంటే ఐదేళ్ళు పెద్దది. ఒంగోల్లో డిప్లొమా చదువుతూ మధ్యలో ఆపేసి వచ్చేసింది. నాన్న ఆమెను టీచర్ ట్రైనింగుకి పంపాలనుకున్నాడు. ఆమె వినలేదు. బస్టాండు దగ్గర సుబ్బారావుగారి డీటీపీ షాపులో కంప్యూటర్లు బాగుచేసే పనికి కుదిరింది. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకుని బల్ల కింద దూరటం అప్పట్లో మా ఊళ్ళో వింతే. జనం షాపు ముందు ఆగి చూసి వెళ్ళేవాళ్ళు. నాన్న దాని గురించి ఒక్క మాటా అనలేదు. అనకపోవటమే ఆయన అనటం. వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, "అన్నం పెట్టనా", "చాలు" అనే రెండు మాటల మీద దాదాపు ఏడాది నడిపారు. అక్క ఒంటికి ఎప్పుడూ టంకం వాసన, కనెక్షన్లు తుడిచే స్పిరిట్ వాసన ఉండేవి. అన్నానికి కూర్చునే ముందు అమ్మ ఆమె చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించేది. షాపులో ఎవరికీ అక్కర్లేకుండా మూలపడ్డ కంప్యూటర్ ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకుంది. అప్పటికే అది పాతది. ఆన్ చేశాక స్క్రీన్ మీద బొమ్మ వచ్చేలోపు నేను జడ వేసుకునేదాన్ని.

ఆ ఏడాది చలికాలంలో నాన్న మెడ మీద వాపు కనిపించింది. చొక్కా పై బొత్తాం పట్టటం లేదని అమ్మ గమనించింది. గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే థైరాయిడు గడ్డ అన్నారు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ప్రాణానికేం భయం లేదన్నారు. కాకపోతే గొంతుకి పోయే నరం ఆ గడ్డని ఆనుకునే ఉంటుందట. జాగ్రత్తగానే చేస్తాం గానీ గొంతు మారొచ్చు, మారకపోవచ్చు అని డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. నాన్న ఆ బొమ్మ వంక చూసి, "ఈస్టరు దాకా ఆగొచ్చా అండి" అని ఒక్కటే అడిగాడు. ఆగొచ్చన్నారు.

పాటలు రికార్డు చెయ్యాలన్న మాట మొదట అమ్మ నోట వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఉంది, దానికి మైకు పెట్టొచ్చని రూతు చెబుతోంది, నువ్వు పాడితే అది దాస్తుంది అంది. నాన్న కంచంలోంచి తలెత్తలేదు.

"నా గొంతొక్కటీ దాచుకోవటానికి అదేమన్నా ఊరగాయా?"

"ఊరగాయే అనుకో. పాడటానికి నీకేం పోయింది?"

"ఒక్కణ్ణే పాడను. నేను ఎత్తుకుంటే అందుకునేవాళ్ళు ఉండాలి. క్వయరంతా ఉంటే పాడతా."

అక్క అప్పుడు గోడకానుకుని అన్నం తింటోంది. "అంతా ఉంటారు నాన్నా" అంది. చాలా రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మాట అదే. నాన్న ఆమె వైపు చూసి, మజ్జిగ పోసుకుని, "సరే" అన్నాడు.

అనటం తేలికే. క్వయర్లో, అంటే చర్చిలో ఆయన వెనక అందుకుని పాడేవాళ్ళలో, సగం మంది మిరపకోతలకి వెళ్ళే ఆడవాళ్ళు. పొద్దు పొడవకముందే ట్రక్కు ఆటోలెక్కి పోతారు, చీకటి పడేవేళకి వస్తారు. డోలక్ వాయించే అతను లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే వీల్లేదు. మా దగ్గరున్న మైకూ ఒక్కటే. అక్క దీనికి ఒక మార్గం చూసింది. ముందు హార్మోనియం ఒక్కటే రికార్డు చేస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు హెడ్‌ఫోన్లో అది వింటూ తమ వంతు పాడతారు. ఆ తర్వాతవాళ్ళు ఆ రెండూ వింటూ పాడతారు. ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో వరుస కింద కంప్యూటర్లో పేర్చుకుంటూ పోయి, చివర అందరి మీద నాన్న పాడితే, అందరూ కలిసి పాడినట్టే ఉంటుంది. నాన్నకి ఈ పద్ధతి విచిత్రంగా తోచింది. ఎత్తుకునేవాడు చివర రావటమేంటి అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు. ఈస్టరులోపు ఐదు పాటలు అనుకున్నారు.

కంప్యూటర్ ఒప్పుకోలేదు. మూడు వరుసల దాకా బాగానే మోసింది. నాలుగో గొంతు ఎక్కించేసరికి లోపల పాట తెగి తెగి వినపడటం మొదలైంది. పాడేవాళ్ళ చెవిలో తాళం తప్పి, వాళ్ళూ తప్పారు. రికార్డైన గొంతుల్లో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు వచ్చాయి. ఇంకో కంప్యూటర్ కొనే ఊసు మా ఇంట్లో లేదు. అక్క బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో కూర్చుని చదివీ చదివీ ఒకరోజు వచ్చి నాకు చెప్పింది. ప్రాసెసర్‌కి లోపల ఒక గడియారం ఉంటుందట, అది కొట్టే ప్రతి దెబ్బకీ కాస్త పని చేస్తుందట. తయారుచేసినవాళ్ళు ఇంత వేగంగా కొట్టమని పెట్టి పంపిస్తారట. దాన్ని మనం కొంచెం పెంచొచ్చట. పెంచితే వేడెక్కుతుంది. ఇంకా పెంచితే దానికి సరిపడా కరెంటు అందక బిగుసుకుపోతుంది. వోల్టేజి పెంచితే నిలబడుతుంది గానీ మరింత వేడెక్కుతుంది. వేడి లాగేసే ఏర్పాటు లేకపోతే కాలిపోతుంది. సుబ్బారావుగారు ఇది విని, "కాలిపోతే నన్నడగమాకు తల్లీ, ఇంకోటి నా దగ్గర లేదు" అన్నాడట.

ముందు ఆమె చేసింది శుభ్రం చెయ్యటం. ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో గోనెపట్టా పరిచి కంప్యూటర్ విప్పింది. ప్రాసెసర్ మీద ఉండే, దాని వేడి లాగే లోహపు దిమ్మె రెక్కల సందుల్లో దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది. షాపులోంచి తెచ్చిన బ్లోయరుతో దాన్ని ఊదింది. ఆ దుమ్ములో బస్టాండు పక్క మిరపకాయల గోడౌన్లది ఎన్నేళ్ళ ఘాటు చేరిందో గానీ, వాకిట్లో ఉన్న వాళ్ళం, పక్కింటివాళ్ళు, గోడ మీద పిల్లితో సహా అందరం దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. నాన్న పాడే మనిషి కాబట్టి అమ్మ ఆయన్ని చర్చిలోకి తరిమి తలుపేసింది. దిమ్మెకీ ప్రాసెసర్‌కీ మధ్య పూసిన పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. అక్క దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు పప్పుబద్దంత పెట్టి, పల్చగా నొక్కింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేసి, మొదట వచ్చే నీలం తెరలోకి వెళ్ళి వేగం ఒక మెట్టు పెంచింది. అది మామూలుగానే లేచింది. ఇంకో మెట్టు. లేచింది. ఇంకోటి పెంచితే తెర నల్లగా ఉండిపోయింది. నేను పోయిందనుకున్నాను. అక్క బోర్డు మీదున్న బిళ్ళ బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ తనకి పెట్టిన వేగాలన్నీ మరిచిపోయి పాత వేగంతో లేచింది. "చూశావా, ఏం చెయ్యదు" అంది. ఆమె ముఖాన చెమట పట్టి ఉంది.

అలా ఒక వేగం దగ్గర ఆపుకుని మళ్ళీ పాటలు మొదలుపెట్టాం. ఆ వారంలోనే ఏస్తేరమ్మ వచ్చింది. ఏస్తేరమ్మ మా క్వయర్లో కింది స్థాయి పాడే మనిషి. గొంతు మగవాళ్ళ గొంతులా నిండుగా ఉంటుంది. రోజంతా కాయ కోసి వచ్చింది. మండుతున్న చేతులకి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులు హెడ్‌ఫోన్‌కి అంటనియ్యకుండా మోచేత్తో దాన్ని సర్దుకుంటూ, మూడు చరణాలూ ఆగకుండా పాడింది. మూడో చరణం చివర తెర మీద గీతలు కదలటం ఆగిపోయాయి. మౌస్ కూడా కదల్లేదు. అక్క మీటలు నొక్కి చూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంతసేపు పాడిందీ పోయింది.

"పోయిందా?" అంది ఏస్తేరమ్మ.

"పోయింది అత్తా. మొత్తం పోయింది."

"పోతే పోనీలేవే. నా గొంతు నా కాడే ఉంది గదా. రేపొస్తాలే." ఆమె నవ్వుతూ లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఎవరింట్లో అంటున్నదో ఆమెకి తోచలేదు. నాన్న కిటికీ దగ్గర హార్మోనియం మూసి దాని మీద గుడ్డ కప్పుతున్నాడు. కప్పటం పూర్తయ్యాక కూడా అంచులు సరిచేస్తూ కాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత అక్క దగ్గరికొచ్చి, "ఎందుకు ఆగిపోయింది?" అని అడిగాడు. అక్క చెప్పింది. వేగం పెంచాను గానీ వోల్టేజి పెంచటానికి భయమేసి ఊరుకున్నాను, అందుకే కాసేపు బాగా నడిచి బరువు ఎక్కువయ్యేసరికి బిగుసుకుంది అంది. వోల్టేజి పెంచాలంటే ఈ చిన్న దిమ్మె చాలదు, రాగి దిమ్మె కావాలి అంది. నాన్న అంతా నిలబడి విన్నాడు. బడిలో పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు వినే పద్ధతిలో, మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. "ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. గుంటూర్లో పాత సామాన్ల షాపులో దొరకొచ్చంది. శనివారం బడికి సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళాడు. అక్క చేసే పని కోసం ఆయన కదిలి వెళ్ళటం అదే మొదలు. పొద్దున పోయినవాళ్ళు చీకటి పడ్డాక వచ్చారు. నాన్న చేతిలో గుడ్డసంచి, అందులో అరకిలో సెనగపప్పంత బరువుగా రాగి దిమ్మె ఒకటి.

ఆ దిమ్మె బిగించాక కంప్యూటర్ పక్కరేకు మూతపడలేదు. అలాగే తెరిచి ఉంచేశారు. బల్లి పడితే బోర్డు మాడిపోతుందని అక్క అంటే, అమ్మ పాత దోమతెర కత్తిరించి దానికో తొడుగు కుట్టింది. అక్క వోల్టేజి పెంచటం నేను దగ్గరుండి చూశాను. దశాంశ చుక్క తర్వాత రెండో అంకెని ఒకటి పెంచి, ఆన్ చేసి, దాన్ని అలవకుండా లెక్కలు చేయించే ప్రోగ్రాం ఒకటి పెట్టి వదిలేసేది. అది నడుస్తుండగా అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "ఎంతుంది?" అని అడిగేది, ఇంట్లో ఎవరికో జ్వరం ఉన్నట్టు. అక్క తెర మూలనున్న వేడి అంకె చదివి చెప్పేది. ఇంకో చిక్కు కూడా ఉండేది. పొలాలకి మోటార్ల కరెంటు ఇచ్చిన గంటల్లో మా వీధిలో వోల్టేజి పడిపోయి ట్యూబ్‌లైటు కొట్టుకునేది. ఆ వేళల్లో కంప్యూటర్ ముట్టుకునేవాళ్ళం కాదు. ఇవన్నీ చూసుకుని చివరికి ఆమె పెట్టిన వేగం దగ్గర అది నిలబడింది. రోజంతా లెక్కలు చేయించినా ఆగలేదు. గొంతులన్నీ ఎక్కించినా పాట తెగలేదు. ఏస్తేరమ్మ మళ్ళీ వచ్చి మూడు చరణాలూ పాడి వెళ్ళింది.

"ఇంకా పెంచొచ్చా?" అన్నాడు నాన్న.

"పెంచొచ్చేమో. వద్దు నాన్నా. మనకిది చాలు."

అయితే వేడి సంగతి కుదిరితే చప్పుడు సంగతి చెడింది. రాగి దిమ్మె మీది ఫ్యాను పెద్దది. అది తిరుగుతుంటే ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టుండేది. ఆడవాళ్ళ గొంతులు గట్టివి కాబట్టి వాళ్ళ పాటల్లో ఆ మోత కలిసిపోయింది. నాన్నది వేరు. ఆయన పల్లవి మెల్లగా, పక్కవాళ్ళతో చెప్పుకుంటున్నట్టు ఎత్తుకుంటాడు. అందుకని కంప్యూటర్‌ని వంటగదిలోకి మార్చి, వైర్లు పరదా కింద నుంచి ముందుగదిలోకి లాగాం. రికార్డింగ్ అయ్యేదాకా పొయ్యి వెలిగించే వీల్లేదు. ఒకటి వేడి, రెండు తిరగమోత చప్పుడు. కాఫీ లేకుండా పాడమంటే నాన్న విసుక్కునేవాడు. నాలుగు పాటలు అలాగే పూర్తయ్యాయి. ఐదోది, ఆయనకి అన్నిటికంటే ఇష్టమైంది, ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ఒక రోజు ముందుకి మిగిలింది. రోడ్డు మీద బస్సులు మొదలుకాక ముందే లేచాం. హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. "వంటింట్లో మర తిరుగుతున్నట్టుందమ్మాయ్. నా పాట నాకే వినపట్టంలా" అన్నాడు. అక్క పరదా తీసి ఆయన వంక చూసింది. మళ్ళీ లోపలికెళ్ళి తెర మూలనున్న అంకె చూసి, "ఫ్యాను పీకేస్తాను. రాగి కాబట్టి కొంచెంసేపు తట్టుకుద్ది. పాటయ్యేదాకా తట్టుకుద్దో లేదో తెలీదు. ఒక్కసారే. మళ్ళీ పాడతానంటే కుదరదు" అంది. నాన్న సరేనన్నాడు.

నేను పరదా దగ్గర నిలబడ్డాను. ఇటు నాన్నకీ అటు అక్కకీ చెయ్యెత్తి చూపించటం నా పని. అక్క ఫ్యాను వైరు లాగేసింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అంతకుముందు ఆ మోత ఎంత ఉందో అది ఆగాకే తెలిసింది. నేను చెయ్యెత్తాను. నాన్న కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. అక్క తెర మూలనున్న అంకె వైపే చూస్తోంది. మొదటి చరణం సగంలోనే అది పైకి నడవటం మొదలుపెట్టింది. ఒక హద్దు దాటితే కంప్యూటర్ తనంతట తనే ఆగిపోతుందని అక్క మాకు ముందే చెప్పి ఉంది. అంతదాకా మూలన టీకాల పెట్టె సర్దుకుంటున్న అమ్మ, అక్క ముఖం చూసి లేచింది. ఏమీ అడగలేదు. గోడకున్న విసనకర్ర తీసుకుని, దోమతెర తొడుగు పైకి మడిచి, కంప్యూటర్ ముందు నేల మీద చతికిలబడి విసరటం మొదలుపెట్టింది. తాటాకు దేనికీ తగలకుండా, చప్పుడు లేకుండా, పురిటి బిడ్డకి విసిరినట్టు విసిరింది. పరదా అవతల నాన్న రెండో చరణం పాడుతున్నాడు. ఇవతల ఈమె విసురుతోంది. అంకె ఎక్కటం తగ్గింది. ఆగలేదు గానీ నెమ్మదించింది. అమ్మ చెయ్యి మార్చుకుంది. కొప్పు ఊడి భుజం మీద పడినా సర్దుకోలేదు. మూడో చరణంలో నాన్న పై స్థాయికి వెళ్ళి అక్కడే కాస్త నిలబడ్డాడు. అంతసేపు నిలబడటం మామూలుగా ఆయన చెయ్యడు. అక్క పెదవి కొరుక్కుంటూ అంకెనే చూస్తోంది. పల్లవి తిరిగొచ్చి అయిపోయాక నేను చెయ్యి దించాను. అక్క ముందు పాటని సేవ్ చేసింది, తర్వాత ఫ్యాను వైరు గుచ్చింది. అమ్మ విసనకర్ర కింద పెట్టి మణికట్టు నొక్కుకుంటూ, "పొయ్యి వెలిగించొచ్చా?" అంది. నాన్న లోపలికొచ్చాడు. అమ్మ ఎందుకంత చెమటతో ఉందో ఆయనకి అర్థం కాలేదు. ఎవరం చెప్పలేదు. తర్వాత ఎప్పుడైనా అమ్మే చెప్పిందేమో నాకు తెలీదు.

ఈస్టరు అయ్యాక ఆపరేషన్ అయింది. గడ్డలో చెడేం లేదన్నారు. గొంతు పోలేదు, మారింది. మాట బొంగురుగా, గాలి కలిసినట్టు వచ్చేది. పాఠం చెప్పటానికి సరిపోయింది, పై స్థాయి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ గొంతుతోనే రిటైరయ్యాడు, ఆ గొంతుతోనే చాలా ఏళ్ళు బతికి, వేరే జబ్బుతో పోయాడు. ఆయన పోయేనాటికి మా పిల్లలకి తెలిసిన తాతయ్య గొంతు అదొక్కటే. అక్క తర్వాత డిప్లొమా పూర్తిచేసింది. ఇప్పుడు ఒంగోల్లో పిల్లలకి హార్డ్‌వేర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. వేగం పెంచటం గురించి వాళ్ళకి చెబుతావా అని మొన్న అడిగితే, ఎవరూ అడగరంది. ఇవాళ ఆ క్వయరుని పొలం గట్టు మీదే నిలబెట్టి సెల్‌ఫోన్లో రికార్డు చెయ్యొచ్చు. చుట్టూ ఉన్న మోతలు ఆ ఫోనే తీసేస్తుంది. మేము రెండు నెలలు పడ్డ అవస్థ ఇప్పుడు ఒక పూట పని కూడా కాదు. అప్పుడే బాగుండేదని నేను అనను. కాఫీ లేకుండా, బల్లులకి భయపడుతూ, పాడింది మళ్ళీ మళ్ళీ పాడుతూ గడిపిన రోజుల్ని బాగున్నాయనటానికి నాకు నోరు రాదు. కాకపోతే ఒక పాట నిలవాలంటే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరాల్సి వచ్చేది. ఏడాదిగా మాటల్లేని తండ్రీ కూతురూ ఒక రాగిముక్క కోసం ఒకే బస్సెక్కాల్సి వచ్చేది. అంతకుమించి ఆ రోజుల గొప్పేమీ నాకు కనిపించదు.

అక్క ఆ పాటలన్నీ ఎక్కించిన సీడీ చర్చిలో మోగింది ఒక్కసారే. ఆపరేషన్ తర్వాత నాన్న ఆరాధనకి వచ్చిన మొదటి ఆదివారం. మెడకి కట్టుతో ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయనకి సంతోషంగా ఉంటుందని పాస్టరుగారు, ఎవరికీ చెప్పకుండా, మొదటి పాటకి క్వయరుని లేపకుండా ఆ సీడీ పెట్టించారు. నాన్న పాత గొంతు స్పీకర్లలోంచి చర్చి అంతా నిండింది. కొందరు కళ్ళొత్తుకున్నారు. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. ఎక్కడా చిటపట లేదు, వెనక మోత లేదు. పెద్ద స్పీకర్లలో వినేదాకా అంత శుభ్రంగా వచ్చిందని మాకూ తెలీదు. మొదటి చరణం అయ్యేసరికి నాన్న లేచాడు. మెల్లగా నడిచి గోడ దగ్గరున్న యాంప్లిఫైయరు దాకా వెళ్ళి స్విచ్ కట్టేశాడు. పాట సగంలో ఆగింది. ఆయన నన్ను సైగ చేసి పిలిచి, చెవిలో గాలి మాటల్తో చెప్పాడు. నేను పాస్టరుగారి వైపు తిరిగి, "నేనిక్కడ కూర్చుని ఉండగా డబ్బాలో నేను పాడటం బాగోదంటున్నారు అండి. ఏస్తేరమ్మత్తని ఎత్తుకోమంటున్నారు" అన్నాను.

"నేనా?" అంది ఏస్తేరమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి. "నాది కింద గొంతు మాస్టారూ, నేను ఎత్తుకుంటే అందరికీ చాలా కిందికి పోద్ది."

నాన్న చేత్తో కిందికే చూపించాడు, ఫర్వాలేదన్నట్టు. ఆమె లేచి, చెంగు నడుముకి దోపుకుని, ఆగిపోయిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచి ఎత్తుకుంది. నిజంగానే చాలా కింద ఉంది. మగవాళ్ళు తడుముకున్నారు, రెండో చరణానికి సర్దుకున్నారు. నాన్న పెదవులు కదపలేదు. మోకాలి మీద వేలితో తాళం వేస్తూ పాటంతా అయ్యేదాకా కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క వంటగదిలో పీట వేసుకుని కంప్యూటర్ ఆన్ చేసింది. నీలం తెరలోకి వెళ్ళి, తను పెంచిన వోల్టేజీ, వేగమూ రెండూ మొదట ఉన్న చోటికి దించేసింది. కోపం వచ్చిందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కోపమేం లేదు. అంత కష్టపడి నిలబెట్టింది ఎందుకు దించుతున్నావని అడిగాను.

"ఇప్పుడేం తొందరుంది" అంది.